తాతల నాటి రీలు కెమెరా: ఒక ఫోటో తీశాక రీలు ఎంత తిప్పాలి?

పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టెలోంచో, అటక మీంచో ఒక కెమెరా బయటపడుతుంది. అగ్ఫా క్లిక్ 3 కావచ్చు, తోలు తొడుగులో పెట్టిన మడత కెమెరా కావచ్చు, మెడలో వేసుకుని పైనుంచి తొంగిచూసే రెండు లెన్సుల యాషికా కావచ్చు. దుమ్ము తుడిచి, ఆన్‌లైన్‌లో ఒక రీలు తెప్పించుకుని, అప్పుడు నా దగ్గరికి వస్తారు. విజయనగరం వాళ్లయినా, శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసినవాళ్లయినా అడిగేది ఒక్కటే: "బాబూ, ఒక ఫోటో తీశాక ఎన్ని చుట్లు తిప్పాలి?"

చుట్లు లెక్కపెట్టకండి. చుట్ల లెక్కతో ఏ రీలూ సరిగ్గా రాదు. పొందూరులో నూలు వడికేవాళ్లను చూసినవాళ్లకు ఇది చెప్పకుండానే తెలుస్తుంది. కదురు మీద నూలు లావెక్కేకొద్దీ ఒక్క చుట్టుకి పట్టే దారం పెరుగుతూ పోతుంది. కెమెరాలో రీలు చుట్టుకునే స్పూల్ కూడా అంతే. 6×6 సెంటీమీటర్ల సైజులో మొదటి ఫోటోకి రీలు తిప్పే నాబ్ ఒకటిన్నర చుట్టు దాకా తిరిగితే, పన్నెండో ఫోటోకి వచ్చేసరికి ఒక చుట్టు కూడా పట్టదు. ప్రతిసారీ ఒకేలా తిప్పితే మొదట్లో ఫోటో మీద ఫోటో ఎక్కుతుంది, లేదా చివర్లో మధ్య ఖాళీలు పెరిగి రెండు మూడు ఫోటోలు తగ్గిపోతాయి. ఎక్కడ ఆపాలో చెప్పేది ఫిలిం వెనక దానితోపాటే చుట్టి ఉండే అంకెల కాగితం, లేదా కెమెరా లోపలి యంత్రం. మీ కెమెరాలో ఆ పని ఎవరు చేస్తున్నారో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇక్కడ చెప్పేదంతా 120 అనే సైజు రీలు గురించి. కొడాక్ దీన్ని 1901లో తెచ్చింది, ఇప్పటికీ కొత్తది దొరుకుతోంది. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, ఫోమాపాన్, కొడాక్ గోల్డ్ 200, ఏది దొరికినా పనికొస్తుంది. ఊటీలో తయారైన ఇందు రీళ్లు ఎవరి ఇంట్లోనైనా మిగిలి ఉంటే వాటితో ఫోటోలు తీయకండి, సాధన చేయడానికి ఉంచుకోండి.

కావలసినవి

- కెమెరా, దానిలో ఒక ఖాళీ స్పూల్. చాలా పాత కెమెరాల్లో ఇది ఉండదు, ముందే చూసుకోండి. ఖాళీ స్పూల్ లేకపోతే రీలు చుట్టుకోవడానికి చోటే లేదు.
- ఫోటోలు తీయడానికి ఒక కొత్త రీలు.
- సాధనకి ఒక పాడైన రీలు. అది లేకపోతే కడిగేశాక మిగిలే వెనక కాగితం. ల్యాబులో దాన్ని పారేస్తారు, అడిగితే స్పూల్‌తో సహా ఇచ్చేస్తారు.
- నల్ల ఇన్సులేషన్ టేపు, బాల్‌పెన్ను, స్కేలు.
- చీకటి గది, లేదా రెండు పొరల మందపాటి నల్ల గుడ్డ సంచి. దీని అవసరం రాకపోవచ్చు కానీ వచ్చినప్పుడు వెతుక్కునే టైమ్ ఉండదు.

ముందు మీ కెమెరా ఏ రకమో చూడండి

వెనక తలుపు తెరవకముందే దాన్ని తిప్పి చూడండి. రూపాయి బిళ్లకన్నా చిన్న ఎర్ర అద్దం ఉందా? ఉంటే అది ఎర్ర కిటికీ రకం. క్లిక్ 3, యాషికా ఎ, రష్యా లుబిటెల్ 2, చాలా మడత కెమెరాలు ఈ కోవలోవే. ఇందులో కెమెరాకి ఏమీ తెలియదు. కాగితం మీద అంకె చూసి ఆపాల్సింది మీరే.

ఎర్ర అద్దం లేకుండా, లోపల రీలు దారికి రెండు పక్కలా చుక్కలో చిన్న త్రికోణాలో ఉంటే అది బాణం గుర్తు రకం. యాషికా మ్యాట్, యాషికా డి, రోలీకార్డ్‌లో తర్వాతి మోడళ్లు ఇలాంటివి. కాగితం మీది బాణాన్ని ఆ గుర్తుల ఎదురుగా నిలబెట్టి తలుపు మూస్తే, తర్వాత లెక్క కెమెరాయే చూసుకుంటుంది.

మూడోది రోలీఫ్లెక్స్ ఆటోమాట్. 1937లో వచ్చిన ఈ కెమెరాకి బాణం కూడా అక్కర్లేదు. లోపల రెండు రోలర్ల మధ్య నుంచి కాగితం వెళ్తుంది. కాగితానికి ఫిలిం కూడా తోడై మందం పెరిగిన క్షణాన్ని అవి పసిగట్టి, లెక్క అక్కడి నుంచి మొదలుపెడతాయి. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఈ ఏర్పాటుకి నాకు ముచ్చటేస్తుంది. కానీ మన ఇళ్లలో ఇది అరుదు. దొరికిందంటే అది అదృష్టమే, జాగ్రత్తగా దాచుకోండి.

కొన్ని కెమెరాల్లో రెండు పద్ధతులూ కలిసి ఉంటాయి. 1వ అంకె దాకా ఎర్ర కిటికీలో చూసి తెచ్చుకుని, అక్కడ కౌంటర్‌ని 1 దగ్గర పెడితే, ఆపైన అదే ఆగుతుంది. జర్మనీ సూపర్ ఐకాంటాల్లో ఇలాంటివి ఉన్నాయి.

ఎర్ర కిటికీ కెమెరా: ఒక్కో మెట్టు

మొదటిసారి ఇదంతా సాధన రీలుతో చేయండి. రెండుసార్లు చేశాక చేతికి అలవాటవుతుంది, అప్పుడు కొత్త రీలు విప్పండి.

1. నీడలోకి వెళ్లండి. మన వైపు పదకొండింటి ఎండలో మేడ మీద నిలబడి రీలు ఎక్కిస్తే అంచుల్లోంచి వెలుగు చొరబడుతుంది. గదిలోపల, కిటికీకి వీపు పెట్టి చేస్తే చాలు. పూర్తి చీకటి అక్కర్లేదు.

2. ఖాళీ స్పూల్ ఎటు ఉందో చూడండి. అది ఎప్పుడూ తిప్పే నాబ్ వైపు ఉండాలి. ఇంతకుముందు వాడినవాళ్లు రెండో వైపు వదిలేసి ఉంటే తీసి ఇటు మార్చండి. నాబ్ కొస స్పూల్ గాడిలో కూర్చుందో లేదో ఒకసారి తిప్పి చూడండి. స్పూల్ తిరగాలి.

3. కొత్త రీలుని రెండో వైపు పెట్టండి. పైనున్న అంటింపు కాగితాన్ని పూర్తిగా చింపేయండి, ముక్క కూడా మిగలకూడదు. ఆ ముక్కే తర్వాత గేటులో (లెన్సు వెనక ఫిలిం మీద వెలుగు పడే ఖాళీలో) ఇరుక్కుని ఫోటో మీద నీడలా పడుతుంది.

4. కాగితం కొసను లాగి ఖాళీ స్పూల్ చీలికలోకి దూర్చండి. కాగితం నల్ల వైపు లెన్సుకి, అంకెల వైపు మీకు కనిపించాలి. తిరగేసి ఎక్కిస్తే రీలంతా ఖాళీగా వస్తుంది.

5. కొత్త రీలు మీద బొటనవేలు మెల్లగా ఆనించి ఉంచి, నాబ్‌ని రెండు మూడు చుట్లు తిప్పండి. కాగితం తిన్నగా, రెండు అంచుల మధ్య నిండుగా చుట్టుకోవాలి. ఒక పక్క ఎక్కి రెండో పక్క ఖాళీగా కనిపిస్తే విప్పి మళ్లీ మొదలుపెట్టండి. ఇక్కడ ఓపిక పట్టకపోతే చివరి దాకా బాధ తప్పదు. నాకు తెలిసి సగం పాడైన రీళ్లు ఈ మెట్టులోనే పాడయ్యాయి.

6. తలుపు మూసి గొళ్లెం వేయండి. ఇక రీలు అయ్యేదాకా తెరవద్దు.

7. ఎర్ర కిటికీలో చూస్తూ నెమ్మదిగా తిప్పండి. ముందు ఖాళీ కాగితం, తర్వాత బాణాలో అక్షరాలో, ఆ తర్వాత అంకె దగ్గరపడుతోందని చెప్పే చుక్కలో గుండ్రాలో వస్తాయి. ఒక్కో కంపెనీ ఒక్కోలా వేస్తుంది. వాటిని చూడగానే చెయ్యి నెమ్మదించాలి. 1 కిటికీ మధ్యలోకి రాగానే ఆపండి.

8. ఆపాక కిటికీ మూయండి. మూత ఉంటే మూత, లేకపోతే నల్ల టేపు ముక్కని తలుపులా అంటించుకోండి. ఒక కొస మడిచి పెడితే గోరుతో లాగడానికి వీలుగా ఉంటుంది. ఎర్ర అద్దం పెట్టిన రోజుల్లో నలుపు తెలుపు ఫిలింకి ఎర్ర వెలుగు తగిలినా ఏమయ్యేది కాదు. ఇప్పటి రీళ్లకి ఎరుపు కూడా కనిపిస్తుంది. వెనక కాగితం చాలావరకు కాపాడుతుంది కానీ ఎండలో తెరిచి ఉంచితే అంకె ఆకారమే ఫోటోలో మచ్చగా పడొచ్చు.

9. ఫోటో తీయండి. తీసిన వెంటనే తర్వాతి అంకెకి తిప్పండి. ఇదొక్కటీ అలవాటు చేసుకోండి.

10. అంకె దాటిపోయిందా? వెనక్కి తిప్పకండి. చాలా కెమెరాలు వెనక్కి తిరగవు, బలవంతం చేస్తే లోపలి స్ప్రింగు విరుగుతుంది. తిరిగినా రీలు వదులై అంచుల్లోంచి వెలుగు చొరబడుతుంది. కొంచెం దాటితే అక్కడే ఫోటో తీసేయండి. మధ్యలో ఖాళీ ఎక్కువ వస్తుంది, అంతే. చాలా దాటితే ఆ అంకె వదిలేసి తర్వాతిదానికి వెళ్లండి.

11. చివరి ఫోటో అయ్యాక ఆపకుండా తిప్పుతూనే ఉండండి. కిటికీలో కాగితం అయిపోయి ఖాళీ కనిపించాక, నాబ్ పూర్తిగా తేలికయ్యాక ఇంకో రెండు చుట్లు. నీడలో తీసి, కొసను లోపలికి మడిచి, అంటింపు కాగితాన్ని తడిచేసి అంటించండి. బిగిద్దామని రీలుని మెలిపెట్టి లాగకండి, గీతలు పడతాయి.

తొమ్మిదో మెట్టు మీద ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలి. ఒక ఏడాది విజయనగరంలో సిరిమానోత్సవానికి నాన్నగారి క్లిక్ 3 తీసుకుని కోట దగ్గర నిలబడ్డాను. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం అది, ఊరంతా అక్కడే ఉంటుంది. కోట గుమ్మాన్ని ఒక ఫోటో తీసి, తిప్పుదామనుకునేలోపు జనం ఒక్కసారి కదిలారు. పక్కన ఒక పెద్దమ్మ "వచ్చేస్తంది, వచ్చేస్తంది, బేగి తియ్యి బాబూ" అంటోంది. చింతమాను కొసన పూజారిగారు గాల్లో మా మీదుగా వెళ్తున్నారు. నొక్కేశాను. ఆ నెగటివ్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. కోట గుమ్మం నడి మధ్యలోంచి సిరిమాను అడ్డంగా వెళ్తుంది, పూజారిగారి ముఖం ఉండాల్సిన చోట రాతి గోడ ఉంది. సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి రెండోసారి మంచి ఫోటో దొరికింది. పెళ్లిలో తాళి కట్టే క్షణం రెండోసారి రాదు.

తిప్పానా లేదా అని అనుమానం వస్తే ఏం చేయాలని కూడా అడుగుతారు. నీడలోకి వెళ్లి కిటికీ తెరిచి అంకె చూడండి. ఆ అంకె మీద ఫోటో తీశారో లేదో గుర్తు రాకపోతే తర్వాతి అంకెకి తిప్పేయండి. ఒక ఖాళీ ఫ్రేము పోతే పోయింది. రెండు ఫోటోలు ఒకదాని మీద ఒకటి పడితే రెండూ పోతాయి. జేబులో చిన్న కాగితం పెట్టుకుని ప్రతి ఫోటోకి అంకె రాసుకుంటే అసలు ఈ టెన్షనే ఉండదు.

మడత కెమెరా వాళ్లకి మాత్రం ఒక మినహాయింపు. బెలోస్ (లెన్సు వెనకుండే మడతల తిత్తి) ఒక్కసారిగా తెరిస్తే లోపల గాలి తగ్గి ఫిలింని ముందుకి లాగేస్తుంది. ఫిలిం ఉబ్బి, ఫోటో మధ్యలో మసక వస్తుంది. కాబట్టి కెమెరాని నెమ్మదిగా తెరిచి, తెరిచాకే తర్వాతి అంకెకి తిప్పండి. తిప్పేటప్పటి లాగుడుకి ఫిలిం మళ్లీ చదునవుతుంది. ఇలా చేసేవాళ్లు, ఫోటో తీసి మడిచిపెట్టే ముందు "ఇంకా తిప్పలేదు" అన్న గుర్తు ఏదో ఒకటి పెట్టుకోవాలి. నేను తోలు తొడుగు బొత్తాం పెట్టకుండా వదిలేస్తాను.

ఏ వరస అంకెలు చూడాలి?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. 120 కాగితం మీద మూడు వరసల అంకెలు ఉంటాయి. మధ్య వరస 1 నుంచి 12, అది 6×6 చదరపు ఫోటోలకి. ఒక అంచు దగ్గర 1 నుంచి 8, అది 6×9కి. రెండో అంచు దగ్గర 1 నుంచి 16, అది 6×4.5కి. కిటికీ ఎక్కడుందో దాన్నిబట్టి కెమెరా తనకి కావలసిన వరసనే చూపిస్తుంది. ఒకే కిటికీ ఉన్న కెమెరాలో ఇబ్బందే లేదు.

రెండు కిటికీలు ఉన్నప్పుడే తికమక. రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి, 6×9 కెమెరాలో రేకు చట్రం పెట్టి చిన్న ఫోటోలు తీసుకునే వీలున్నది. చట్రం ఉంటే 16 వరస కిటికీ, లేకపోతే 8 వరస కిటికీ తెరవాలి. చట్రం తీసేసి 16 వరస చూస్తూ తిప్పితే ప్రతి ఫోటో మీద తర్వాతి ఫోటో సగం ఎక్కుతుంది. పాత కెమెరాల్లో ఆ రేకు చట్రం ఎప్పుడో పోయి ఉంటుంది. కిటికీ మాత్రం మిగిలే ఉంటుంది. అందుకే ముందు తలుపు తెరిచి గేటుని స్కేలుతో కొలవండి. వెడల్పు 56 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉంటే 12 ఫోటోలు, 80 పైన ఉంటే 8, 42 ప్రాంతంలో ఉంటే 16.

రెండోది, కాగితం మీద 16 వరస ఇంకా లేని రోజుల్లో చేసిన కెమెరాలు. వీటిలో రెండు కిటికీలూ ఒకే వరసలో, పక్కపక్కన ఉంటాయి. 1 మొదటి కిటికీలోకి వచ్చినప్పుడు ఒక ఫోటో, అదే 1 రెండో కిటికీలోకి వచ్చినప్పుడు ఇంకో ఫోటో. ఆ తర్వాత 2 మొదటి కిటికీలోకి. అలా 8 అంకెలకి 16 ఫోటోలు.

కొన్ని కొత్త రీళ్ల మీద అంకెలు లేత బూడిద రంగులో ఉంటాయి, ఎర్ర అద్దంలోంచి కనిపించి కనిపించనట్టు ఉంటాయి. సాధన చేసేటప్పుడు అంకె మీద వెలుగు పక్కనుంచి పడేలా కెమెరాని వంచి చూడండి, ఏ వంపులో తేటగా కనిపిస్తుందో చేతికి తెలుస్తుంది. అద్దం లోపలి వైపు పేరుకున్న మసిని దూది పుల్లతో తుడిస్తే సగం కష్టం తీరుతుంది. అద్దం పీకేసి తెల్ల ప్లాస్టిక్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి.

బాణం గుర్తు కెమెరా

రీలు ఎక్కించడం పైన చెప్పిన ఐదో మెట్టు దాకా అంతే. తర్వాత తలుపు తెరిచే ఉంచి, కాగితం మీద అడ్డంగా ఉన్న పెద్ద బాణం కనిపించేదాకా తిప్పండి. రెండు కొసలున్న ఆ బాణం కెమెరాలోని రెండు గుర్తుల మధ్య తిన్నగా నిలవాలి. తలుపు మూసి, ఆగేదాకా తిప్పండి. కౌంటర్ 1 చూపిస్తుంది.

బాణాన్ని ఏ గుర్తు ఎదుట పెట్టాలో చూసుకోండి. కొన్ని కెమెరాల్లో 120కి, 220కి వేర్వేరు గుర్తులు ఉంటాయి. 220 అనేది 1965లో వచ్చిన రెట్టింపు పొడవు రీలు, మధ్యలో వెనక కాగితం ఉండదు. మీ దగ్గరున్నది 120 అయితే మీటలన్నీ 120 మీదే ఉండాలి. ప్రెషర్ ప్లేటు (ఫిలింని వెనకనుంచి నొక్కిపట్టే పలక) జరిపే రకమైతే దాని మీద అంకె కూడా చూడండి.

తిప్పే పద్ధతి కెమెరాని బట్టి మారుతుంది. యాషికా డిలో నాబ్ మధ్యనున్న చిన్న బొత్తాం నొక్కి వదిలి, ఆగేదాకా తిప్పాలి. బొత్తాం నొక్కి పట్టుకుని తిప్పితే ఆగాల్సిన చోట ఆగదు. రోలీఫ్లెక్స్‌లో క్రాంక్ (పక్కనుండే తిప్పుడు పిడి) ముందుకి ఆగేదాకా, తర్వాత వెనక్కి ఆగేదాకా తిప్పాలి. సగంలో వదిలేస్తే షట్టర్ నొక్కుడు పడదు, చాలామంది కెమెరా పాడైపోయిందనుకుని రిపేరుకి పట్టుకెళ్లేది ఇందుకే. ఆగిన తర్వాత బలం పెట్టకండి.

రోలీఫ్లెక్స్ ఆటోమాట్ అయితే కాగితం కొసని తప్పనిసరిగా ఆ మందం కొలిచే రోలర్ కిందుగా దూర్చి తేవాలి. పైనుంచి తెస్తే దానికి ఫిలిం వచ్చిన సంగతి తెలియదు. 1 దగ్గర ఆగకుండా రీలంతా ఒక పక్క నుంచి రెండో పక్కకి వెళ్లిపోతుంది. పది చుట్లు తిప్పినా ఆగలేదంటే అక్కడితో ఆపి, చీకట్లో తెరిచి, రీలు మళ్లీ మొదటికి చుట్టుకుని ఎక్కించండి. ఈ కెమెరాకి ఉత్తి కాగితంతో సాధన కుదరదు, ఫిలిం ఉన్న రీలే కావాలి.

స్పూల్ పట్టకపోతే? 620 కెమెరా

కొత్త రీలు గదిలో కూర్చోకుండా అంచు తగులుతోందంటే తలుపు లోపల రాసి ఉన్నది చదవండి. 620 అని ఉంటే, అది కొడాక్ 1930ల్లో మొదలుపెట్టి 1995లో ఆపేసిన రీలు. ఫిలిం, కాగితం, అంకెలు అన్నీ 120వే. స్పూల్ మాత్రం సన్నగా, అంచులు చిన్నగా ఉంటాయి. కాబట్టి 120 రీలునే 620 స్పూల్ మీదికి మార్చి చుట్టుకోవచ్చు. రెండు 620 స్పూళ్లు కావాలి. ఒకటి రీలుకి, ఒకటి కెమెరాలో చుట్టుకోవడానికి.

పూర్తి చీకట్లో 120 రీలుని విప్పుతూ ఇంకో ఖాళీ స్పూల్ మీదికి చుట్టండి. ఇప్పుడు చివరి కొస పైకి వస్తుంది. దాన్ని 620 స్పూల్ మీదికి చుట్టండి, మొదటి కొస మళ్లీ పైకి వస్తుంది. రెండోసారి చుట్టేటప్పుడు ఫిలింని కాగితానికి అంటించిన టేపు దగ్గర ఫిలిం చిన్న వంపులా ఉబ్బుతుంది. అది మామూలే. టేపు మెల్లగా లేపి, ఫిలింని చదును చేసి, మళ్లీ అంటించండి. మడత పెట్టి నొక్కేస్తే మొదటి ఫోటో స్థానం మారిపోతుంది. ఇది కూడా పాడైన రీలుతో వెలుగులో కళ్లు తెరిచి రెండుసార్లు, కళ్లు మూసుకుని రెండుసార్లు చేశాకే అసలు రీలు ముట్టుకోండి.

స్పూల్ అంచుల్ని గోళ్ల కత్తెరతో కత్తిరించి 120నే దూర్చేవాళ్లూ ఉన్నారు. కొన్ని కెమెరాల్లో పనిచేస్తుంది. తిప్పేటప్పుడు బిగుతుగా అనిపిస్తే మాత్రం మానేయండి.

ఫోటోలు తీయకముందే కొలిచి చూడడం

ఎర్ర కిటికీ కెమెరాకి ఇది అరగంట పని. సాధన రీలు ఎక్కించి 1 దగ్గర ఆపండి. తలుపు తెరిచి, గేటు అంచు మీద కాగితాన్ని వేలితో మెల్లగా నొక్కండి. అంచు గీత కాగితం మీద అచ్చులా పడుతుంది. ఎడమ, కుడి రెండు అచ్చుల మీదా పెన్నుతో గీత గీసి పక్కన 1 అని రాయండి. రీలు వదులు కాకుండా రెండు స్పూళ్ల మీదా వేళ్లు ఆనించి తలుపు మూసి, 2కి తిప్పండి. అలా నాలుగైదు ఫ్రేములు. తర్వాత కాగితం పూర్తిగా విప్పి నేల మీద పరిచి స్కేలు పెట్టండి. 1వ ఫ్రేముకీ 2వ ఫ్రేముకీ ఎదురెదురుగా ఉన్న గీతల మధ్య నాలుగు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే బాగున్నట్టే. గీతలు ఒకదాన్నొకటి దాటాయంటే వరస తప్పు చూస్తున్నారు, లేదా ఆ కెమెరాలో చట్రం లేదు.

తలుపు తెరిస్తే లెక్క మొదటికి పోయే కెమెరాలకి ఈ పద్ధతి కుదరదు. వాటికి ఒక నిజం రీలు ఖర్చు పెట్టాల్సిందే. వృథా అనుకోకండి. అయ్యకోనేరు గట్టు మీద కూర్చుని, ప్రతి ఫోటోలో అంచుల దాకా వెలుగు ఉండేలా నీళ్లనీ ఆకాశాన్నీ తీయండి. ఫ్రేము అంచు తేలిగ్గా తెలుస్తుంది. చీకటి నేపథ్యం ఉన్న ఫోటోలకి నెగటివ్‌లో అంచే కనిపించదు, కొలవడానికి ఏమీ ఉండదు.

కడిగి వచ్చిన రీలు చూసి తప్పు పట్టుకోవడం

నెగటివ్‌ని కోయకుండా పొడుగ్గా తెప్పించుకుని, కిటికీకి ఎదురుగా పట్టుకుని ఒక కొస నుంచి చూడండి.

ఒకే చోట రెండు ఫోటోలు కలిసి, మిగతావన్నీ బాగుంటే కెమెరా తప్పు కాదు. ఆ ఒక్కసారి తిప్పడం మరిచిపోయారు, లేదా అంకె రాకముందే ఆపారు.

మొదటి ఫోటో సగమే వచ్చిందంటే బాణాన్ని గుర్తుకి ముందే ఆపి తలుపు మూశారు. చివరి ఫోటో సగమే వచ్చిందంటే బాణం గుర్తు దాటిపోయింది, మొత్తం లెక్క వెనక్కి జరిగింది.

ఖాళీలు మొదట్లో సన్నగా, చివరికి వెళ్లేకొద్దీ వెడల్పుగా ఉంటే చుట్ల లెక్కతో తిప్పారన్నమాట. ఆటోమేటిక్ కెమెరాలో ఇలా వస్తే లోపలి లెక్క యంత్రంలో అరుగుదల ఉంది, శుభ్రం చేయించాలి. పాత కెమెరాలో ఇప్పటి సన్న ఫిలిం వేసినప్పుడు ఖాళీలు కొంచెం అటూ ఇటూ అవడం మాత్రం సహజం. ఫోటో మీద ఫోటో ఎక్కనంతవరకు దాని జోలికి పోకండి.

ఖాళీల్లో వరసే లేక, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉంటే రీలు జారుతోంది. కొత్త రీలు పెట్టే గదిలో దాన్ని పట్టి ఉంచే రేకు వదులైంది. నేను సన్నటి కార్డు ముక్కని మడిచి ఆ రీలు వెనకాల పెడతాను, కొంచెం బిగువు వస్తుంది. రీలు బయటికి తీసేటప్పుడు లావుగా, వదులుగా కనిపించినా కారణం ఇదే. అలాంటి రీలుని వెలుగులో తీయకండి. చీకట్లో తీసి, మెల్లగా సరిచేసి, అల్యూమినియం రేకులో చుట్టేయండి. వెలుగులో తీసేస్తే అంచుల నుంచి నల్లటి మరకలు ఫోటోల్లోకి పాకుతాయి. కళింగపట్నం సముద్రం దగ్గర తీసిన ఒక రీలు నాకు అలాగే పోయింది. ఇసుకలో కూర్చుని బయటికి తీశాను. పన్నెండు ఫోటోల్లో తొమ్మిదింటికి ఒక పక్క లైట్‌హౌసు ఉంటే రెండో పక్క మరక.

ఫ్రేములన్నీ ఒకే వైపు వాలి ఉంటే స్పూల్ గాడిలో సరిగ్గా కూర్చోలేదు. రెండో మెట్టు, ఐదో మెట్టు మళ్లీ చూడండి.

రీలుని కడిగించడానికి పోస్టులో పంపేటప్పుడు డబ్బాలో ఒక చీటీ పెట్టండి. నెగటివ్ కోయకుండా పొడుగ్గా పంపమని, వెనక కాగితం, స్పూల్ తిరిగి పంపమని రాయండి. 620 స్పూల్ అయితే ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి, డబ్బా మీద కూడా రాయండి. ఒక ల్యాబు వాళ్లు నాది పారేశారు, ఇంకొకటి దొరికేదాకా ఆ కెమెరా ఏడాది పాటు ఖాళీగా కూర్చుంది.